షిఫ్టు నడపడం వచ్చు, ‘కమ్యూనికేషన్’ మాత్రం రాదట: ఇంగ్లీషు నేర్చుకోవాలా, ఒడియా నేర్చుకోవాలా?

నాగావళి_ఒడ్డు
మాది శ్రీకాకుళం దగ్గర పల్లె. రణస్థలం వైపు ఒక మందుల కర్మాగారంలో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను, అందులో నాలుగేళ్లుగా షిఫ్టు సూపర్‌వైజర్‌ని. నా షిఫ్టులో 26 మంది. వాళ్లలో 11 మంది ఒడిశా వాళ్లు, ఆరుగురు బీహారు వాళ్లు, మిగిలినవాళ్లు చుట్టుపక్కల ఊళ్ల వాళ్లు. మా మేనేజరు హైదరాబాదు నుంచి వచ్చారు. ఆయన పై అధికారిది మహారాష్ట్ర.

మొన్న ఏడాది సమీక్షలో నా కాగితం మీద ఒకే ఒక్క లోపం రాశారు: ‘కమ్యూనికేషన్ బలహీనం’. ఉత్పత్తి బాగుంది, ప్రమాదాలు లేవు, హాజరు బాగుంది. ఆ ఒక్క మాటతో పదోన్నతి ఆగిపోయింది. ఏది బలహీనమని అడిగితే, ‘మీటింగుల్లో నోరు విప్పరు, ఇంగ్లీషు తడబడుతుంది, మీ తెలుగు కూడా ఒక పట్టాన అర్థం కాదు’ అన్నారు. ఆ చివరి మాటకు నాకు గొంతు పూడుకుపోయింది. ఆ తెలుగుతోనే రాత్రి రెండు గంటలప్పుడు రియాక్టర్ల దగ్గర అంతమందినీ నడుపుతున్నాను.

శ్రీకాకుళంలో ఇంగ్లీషు మాట్లాడటం నేర్పే తరగతులు ఉన్నాయి, మూడు నెలలకు 12 వేలు. అదే సమయం ఒడియా, హిందీ బాగా నేర్చుకోవడానికి పెడదామా అని ఇంకో ఆలోచన. నా రోజంతా గడిచేది ఆ మనుషులతోనే కదా. కంపెనీ లెక్కలో మాట్లాడటం అంటే పై వాళ్లతో మాట్లాడటమేనా? కింది వాళ్లతో మాట్లాడేది దేనికిందా రాదా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి.

కోటగుమ్మం
ఇంగ్లీషే. ఆలోచించడానికి ఏమీ లేదు. ఒడియా వచ్చినంత మాత్రాన జీతం పెరగదు.

వంశధార_నీరు
జీతం పెరగదేమో కానీ చేతులు కాలకుండా ఉంటాయి. రసాయనాల మధ్య పనిచేసినవాళ్లకు ఆ తేడా తెలుసు.

కోటగుమ్మం
నేను తక్కువ చేసి అనలేదండీ. విజయనగరం నుంచి హైదరాబాదు వచ్చి పన్నెండేళ్లయింది. సాఫ్ట్‌వేర్‌లో నాకంటే పని బాగా తెలిసినవాళ్లు, ఇంగ్లీషులో రెండు వాక్యాలు కూర్చలేక ఎక్కడివాళ్లు అక్కడే ఉండిపోవడం కళ్లారా చూశాను. ఆ బాధతోనే చెప్పాను.

చీపురుపల్లి_చినుకు
కర్మాగారాల్లో సిబ్బంది వ్యవహారాలు చూడటం నా ఉద్యోగం. ఇలాంటి సమీక్ష కాగితాలు వందలు చదివాను. ‘కమ్యూనికేషన్ బలహీనం’ అన్నది చాలాసార్లు బద్ధకంతో రాసే మాట. ఏం రాయాలో తోచనప్పుడు అది రాసేస్తారు. ఏ రోజు, ఏ మీటింగులో, ఏ సమాచారం మీ నుంచి అందలేదో చెప్పమని కాగితం మీదే అడగండి. అలా అడగడం ఎదురు తిరగడం కిందికి రాదు.

ఇక వంశధార గారూ, ఇంగ్లీషు అక్కర్లేదనే అర్థం మీ మాటలో ఉంటే నేను ఒప్పుకోను. మా దగ్గర ఒక డిప్లొమా కుర్రాడు ఉండేవాడు. యంత్రం శబ్దం విని ఏ బేరింగు అరిగిందో చెప్పేవాడు. ఒకసారి ముంబయిలో ఉన్న పెద్ద ఇంజినీరుకు ఈమెయిల్ పెట్టాడు. ‘పంపు సమస్యగా ఉంది, దయచేసి చూడగలరు.’ అంతే. ఏ పంపు, ఎప్పటి నుంచి, శబ్దమా, వేడా, ఆపేస్తే ఏ లైను ఆగుతుంది, ఏమీ లేదు. అవన్నీ అతనికి తెలుసు. ఆ ఈమెయిల్ నాలుగు రోజులు అలాగే పడి ఉంది. ఇంగ్లీషు రాకపోవడం అందులో సగమే. అవతలి మనిషికి ఏం తెలియదో ఊహించలేకపోవడం మిగతా సగం. ఆ రెండో సగం ఏ తరగతిలోనూ చెప్పరు.

నాగావళి_ఒడ్డు
చినుకు గారూ, మీరు చెప్పింది చదివాక ఒకటి దాచకుండా చెప్పాలనిపించింది. మీటింగుల్లో మాట్లాడనన్నది నిజమే. రెండు నెలల క్రితం ఒక పంపు శబ్దం మారిందని నాకు తెలుసు. మీటింగులో పై అధికారి ఇంగ్లీషులో వరసగా మాట్లాడుతున్నారు. పెద్దవాళ్లు మాట్లాడుతుంటే మధ్యలో కల్పించుకోకూడదని పెరిగినవాణ్ణి. ఆగాక చెబుదామనుకున్నాను, ఆయన ఆగగానే అందరూ లేచారు. మూడో రోజు ఆ పంపు బిగుసుకుపోయింది.

వంశధార_నీరు
ఇది ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి. నా మొదటి మాట సవరించుకుంటున్నాను: రెండూ కావాలి. కానీ ఏది ముందు అంటే ఇప్పటికీ నాది ఒడియానే.

తోటపల్లి_కాలువ
రెండింటి సంగతి తర్వాత, అసలు మన తెలుగుకే అనువాదకుడు కావాలి. మా బావమరిది బెంగళూరులో చేరిన కొత్తలో ‘అప్ప పెళ్లి, నాలుగు రోజులు సెలవు కావాలి’ అని అడిగాడు. మన వైపు అప్ప అంటే అక్క. ఆ కన్నడ అధికారికి అప్ప అంటే నాన్న. ఆయన పాపం ఏమనాలో తెలియక, ‘మీ అమ్మగారు ఎలా ఉన్నారు?’ అని ఎంతో మెల్లగా అడిగారట.

కోటగుమ్మం
పొద్దున్నే ఆఫీసులో ఇది చదివి పక్కవాళ్లకు కూడా చెప్పాను. ఇక్కడ అందరూ నవ్వుతున్నారు.

ఇచ్ఛాపురం_గట్టు
మా అమ్మది ఒడియా, నాన్నది తెలుగు. ఇచ్ఛాపురంలో ఇది వింత కాదు, సంతలో ఒకే బేరంలో రెండు భాషలూ దొర్లుతాయి. నా ఉద్యోగమంతా ఇటువాళ్లకూ అటువాళ్లకూ మధ్యనే గడిచింది. తెలియని మాట వస్తే మనం ఆగి అడుగుతాం. తెలిసిన మాటలా వినిపించేదే కొంప ముంచుతుంది.

మనకు శిక్ష అంటే దండన. ఒడియాలోనూ హిందీలోనూ శిక్షా అంటే చదువు. మనకు ఉపన్యాసం సభలో ఇచ్చేది, వాళ్లకు ఉపన్యాస్ అంటే నవల. రాగం మనకు పాటలో ఉంటుంది, ఒడియాలో రాగ అంటే కోపం. అవసరం అన్న మాట చూడండి, ఎన్ని వేషాలు వేస్తుందో. మనకు కావలసి రావడం, హిందీలో అవకాశం, ఒడియాలో తీరిక, ఉద్యోగ విరమణ కూడా, తమిళంలోకి వెళ్తే తొందర. నలుగురూ ఒకే మాట అంటూ నాలుగు దారుల్లో వెళ్లిపోతారు, ఒక్కరికీ సందేహం రాదు.

నాగావళి తమ్ముడూ, ఒడియా నీకు అనుకున్నంత కష్టం కాదు. సగం మాటలు సంస్కృతం నుంచి వచ్చినవే. అవి తెలిసినట్టే ఉంటాయి కాబట్టి, ప్రతిదాన్నీ ఒకసారి అడిగి నిర్ధారించుకో.

పలాస_పిక్క
ఇచ్ఛాపురం బాబాయి గారు చెప్పిన జాబితాకు ఇంకోటి చేర్చాలి: అనుమానం. మాది కాశీబుగ్గలో చిన్న జీడి బట్టీ. మా గుమాస్తా గారు నాన్న హయాం నుంచి ఉన్నారు. ఒకసారి ఉత్తరాది వ్యాపారి ఒకాయన వచ్చి, 80 కిలోల పిక్కల బస్తాకు పప్పు ఎంత దిగుతుందో తెలుసుకోవాలని, గుమాస్తా గారి వైపు తిరిగి ‘ఆప్ కా అనుమాన్ క్యా హై?’ అన్నారు. హిందీలో అనుమాన్ అంటే అంచనా. గుమాస్తా గారు కలం మూతపెట్టి జేబులో పెట్టుకున్నారు. లెక్కల పుస్తకం మూసి, రెండు చేతులతో నా ముందుకు జరిపారు. ‘పాతికేళ్లలో ఒక్క పిక్క ఇంటికి పట్టుకెళ్లలేదు బాబూ, ఇంకెవరినైనా చూసుకోండి’ అని లేచారు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయి. ఆ వ్యాపారికి ఏం జరుగుతోందో తెలియక నా ముఖం చూస్తున్నారు. విషయం విడమరిచి చెప్పడానికి అరగంట పట్టింది. అంతా తెలిశాక ఆ వ్యాపారి వంగి గుమాస్తా గారి పాదాలు తాకారు. ఇప్పటికీ ఆయన ఫోను చేస్తే ముందు గుమాస్తా గారినే అడుగుతారు.

రాజాం_మల్లె
ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. ఒక్క మాటకు పాతికేళ్ల నమ్మకం పోయేదే.

నాగావళి_ఒడ్డు
మా షిఫ్టులో జరిగినది కూడా ఇలాంటిదే. ఇది చెప్పాకే నా ప్రశ్న పూర్తిగా అర్థమవుతుంది. సాల్వెంటు, అంటే ఘాటైన ద్రావకం, డ్రమ్ములు వరసగా ఉన్నాయి. మన ఊరి హెల్పరు ఒక ఒడియా కుర్రాణ్ణి ‘ఇది ఎప్పుడు నింపారు?’ అని సైగతో అడిగాడు. అతను ‘కాలి’ అన్నాడు. ఒడియాలో కాలి అంటే నిన్న, రేపు కూడా అదే మాట. మనవాడు ‘ఖాళీ’ అనుకున్నాడు. ఖాళీ డ్రమ్మే కదా అని ముఖానికి తొడుగు లేకుండా మూత తిప్పి వంగి చూశాడు. ఘాటు ఒక్కసారిగా కొట్టి వెనక్కి పడ్డాడు. రెండు గంటలు కళ్లు కడుగుతూ కూర్చున్నాడు, అదృష్టం కొద్దీ అంతటితో పోయింది. తొడుగు లేకుండా మూత తీయడం తప్పే, ఆ తప్పు నేను రాశాను. కానీ నివేదికలో కారణం దగ్గర ‘అజాగ్రత్త’ అని మాత్రమే ఉంది. ‘భాష’ అని రాయడానికి ఆ కాగితంలో గడి లేదు.

ఇచ్ఛాపురం_గట్టు
కాలి ఒక్కటే కాదు తమ్ముడూ, ఒడియాలో ఖాలి అనే మాట కూడా ఉంది, దానికి మనలాగే వట్టిది అనే అర్థం. చెవికి రెండింటికీ ఒత్తు ఒక్కటే తేడా. ‘గత కాలి’ అంటే నిన్న, ‘ఆసంతా కాలి’ అంటే రాబోయే రేపు. తేదీ మాత్రం ఎప్పుడూ అంకెలతో చెప్పించు.

భోగాపురం_ఇటుక
విమానాశ్రయం పనుల్లో ఉన్నాను. విమానాల మీద ఆసక్తి కొద్దీ ప్రమాదాల నివేదికలు చదువుతుంటాను. ఈ చర్చ చూస్తుంటే ఒకటి గుర్తుకొచ్చింది. 1990 జనవరి 25న కొలంబియా నుంచి న్యూయార్క్ వెళ్తున్న ఏవియాంకా 52వ నంబరు విమానం. కింద వాతావరణం బాగాలేక చాలాసేపు గాలిలోనే తిప్పారు. ఇంధనం అయిపోతోందని విమానం నుంచి చెప్పారు, ముందుగా దించమని కూడా అడిగారు. కానీ ‘ఎమర్జెన్సీ’ అన్న మాట వాళ్ల నోట రాలేదు. కింద నుంచి విమానాలను నడిపించే కంట్రోలర్లకు ఆ మాట వినబడితేనే మిగతావన్నీ పక్కన పెట్టి ఆ విమానాన్ని దించే పద్ధతి మొదలవుతుంది. ఇంజిన్లు ఆగిపోయి లాంగ్ ఐలాండ్ మీద కూలింది. 158 మందిలో 73 మంది పోయారు.

రేడియోలో మాట్లాడిన పైలట్‌కు ఇంగ్లీషు రాకపోలేదు. అన్నది నిజం, విన్నదీ నిజం. ‘అయిపోతోంది’ అన్న మాటకు ఇటు ఒక బరువు, అటు ఇంకో బరువు. ఆ తర్వాత కొన్నేళ్లకు అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ పైలట్లకూ కంట్రోలర్లకూ భాషా నైపుణ్యానికి ఆరు స్థాయులు పెట్టింది, అంతర్జాతీయ విమానాలకు నాలుగో స్థాయి ఉండి తీరాలి. ఆ కొలతలో యాస ఉండటం తప్పు కాదు. యాస అర్థానికి అడ్డం వస్తోందా లేదా అన్నదే చూస్తారు. నాగావళి గారి మేనేజరు గమనించాల్సింది ఆ ఒక్క వాక్యం.

లావేరు_ల్యాబు
నేను నాణ్యత విభాగంలో ఉన్నాను. ఎగుమతి చేసే మందుల కంపెనీల్లోకి అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వాళ్లు తనిఖీకి వస్తారు. నాగావళి గారికి ఇది రేపు పనికొస్తుంది, అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

మనం ‘కడగలేదా?’ అని అడిగితే, కడగకపోతే ‘ఆఁ, కడగలేదు’ అంటాం. అడిగిన వాక్యంతో ఏకీభవిస్తున్నామని ఆ ‘ఆఁ’కు అర్థం. ఇంగ్లీషులో అలా కాదు. ‘కడగలేదా?’ అన్నదానికి ‘ఎస్’ అంటే కడిగానని, ‘నో’ అంటే కడగలేదని. ఒక తనిఖీలో అధికారి మా కుర్రాణ్ణి ‘ఈ పాత్రను దీనికి ముందు వేరే మందుకు వాడలేదా?’ అని అడిగారు. వాడు మన పద్ధతిలో ‘ఎస్’ అన్నాడు, వాడలేదనే ఉద్దేశంతో. ఆయన వాడామని రాసుకున్నారు. ఆ రాత సరిచేయించడానికి రెండు రోజుల రికార్డులన్నీ బల్ల మీద పరిచాం. అప్పటి నుంచి మా దగ్గర నియమం ఒక్కటే: అవును, కాదు అని ఒక్క మాటలో జవాబు చెప్పకూడదు. పూర్తి వాక్యం చెప్పాలి. ‘పాత్రను వాడలేదు.’ వ్యాకరణం తప్పినా ఫరవాలేదు.

ఇంకొకటి, తల ఊపడం. మనం అడ్డంగా ఊగించే ఆ ఊపు అవునో కాదో బయటి దేశం వాళ్లకు అంతుబట్టదు.

చీపురుపల్లి_చినుకు
‘చూద్దాం’, ‘అలాగేనండి’ కూడా ఇక్కడే రాసుకోండి. మనవాళ్లు ‘చూద్దాంలెండి’ అన్నారంటే కాదన్నట్టే. ముఖం మీద కాదనడం మర్యాద కాదని అలా అంటాం. ‘అలాగేనండి’ అంటే మీ మాట విన్నానని. ఒప్పుకున్నానని అవతలివాళ్లు గడువు రాసుకుంటారు. ఎడ్వర్డ్ హాల్ అనే అమెరికా మానవ శాస్త్రవేత్త 1976లోనే ఈ తేడా గురించి రాశారు: కొన్ని సమాజాల్లో అర్థం ఎక్కువగా మాటలోనే ఉంటుంది, కొన్నింటిలో మాట చుట్టూ ఉన్న సందర్భంలో ఉంటుంది. మనం రెండో రకం. మన ఇంట్లో అది హాయిగా నడుస్తుంది, ఎందుకంటే సందర్భం అందరికీ తెలుసు. కర్మాగారంలో 26 మందికి 26 సందర్భాలు.

కోటగుమ్మం
అందుకే నేనంటున్నాను, ఆఫీసులో అందరికీ ఒకే భాష, ఒకే పద్ధతి. నేను హైదరాబాదు వచ్చిన ఏడాదిలో నా మాట మార్చుకున్నాను. ఇంటికి ఫోను చేస్తే మళ్లీ మన మాటే. నాకేమీ పోలేదు. నాగావళి గారు కూడా మేనేజరు దగ్గర పుస్తకాల తెలుగు మాట్లాడితే సరిపోతుంది.

వంశధార_నీరు
మీకు పోలేదు, సంతోషం. కానీ ప్రతిసారీ ఇటువైపు వాళ్లే ఎందుకు నడిచి వెళ్లాలి? ఆ మేనేజరు ఉద్యోగానికి వచ్చింది శ్రీకాకుళం జిల్లాకు. ఇక్కడి మనుషులతో పని చేయించుకుంటూ ఇక్కడి మాట అర్థం కాదని సమీక్షలో రాయడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది. మరాఠీ ఆయన తెలుగు నేర్చుకోకపోతే ఎవరూ లోపమని రాయరు.

విజయనగరం_మాస్టారు
వంశధార చెప్పినదానితో ఏకీభవిస్తూ రెండు మాటలు. ముప్పై ఏళ్లు ఇంగ్లీషు చెప్పి విరమించాను. వాడుక భాషకు గౌరవం కావాలని పట్టుబట్టిన గురజాడ అప్పారావు గారి ఇల్లు మా ఊళ్లోనే ఉంది. ఆ ఇంటికి గంట దూరంలో ఒక పనిమంతుణ్ణి నీ తెలుగు అర్థం కాదని ఆపేశారంటే నాకు కోపం వస్తోంది.

ఇంకా ముఖ్యమైనది గిడుగు రామమూర్తి గారి సంగతి. 1863 ఆగస్టు 29న శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో పుట్టారు. ఆయన పుట్టినరోజునే తెలుగు భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం, చాలామందికి అంతవరకే తెలుసు. పర్లాకిమిడిలో పాఠాలు చెప్పే రోజుల్లో కొండల నుంచి వచ్చే సవర గిరిజనుల మాట విని, అది తెలియకుండా వాళ్లతో ఎలా మెలగాలని, సవర తెలిసిన మనిషి దగ్గర కూర్చుని నేర్చుకున్నారు. వాళ్ల పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పించారు. ఆ భాషకు వ్యాకరణం రాస్తే 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది, నిఘంటువులూ కూర్చారు. ఆయనకు ఇంగ్లీషు అద్భుతంగా వచ్చు. అయినా కొండ మీది మాట కోసం ఏళ్లకు ఏళ్లు పెట్టారు. కాబట్టి నాగావళి బాబూ, ఒడియా నేర్చుకోవడం పదోన్నతికి అడ్డమనుకోకు, మన జిల్లాలో దానికి ఘనమైన వంశం ఉంది.

కొండగాలి_నర్సు
మాస్టారు గారు సవర మాట ఎత్తారు కాబట్టి రాస్తున్నాను. సీతంపేట కొండల్లో పనిచేస్తున్నాను. 2022లో జిల్లాలు విడిపోయేదాకా మాది శ్రీకాకుళం జిల్లానే. సవర భాష తెలుగుకు చుట్టం కాదు, ముండా కుటుంబానికి చెందినది. చేరిన కొత్తలో నాకు పది మాటలు కూడా రావు.

ఒకామెకు రక్తహీనత. మాత్రలు ఇచ్చి, ‘భోజనం చేశాక ఒకటి వేసుకో’ అని తెలుగులో చెప్పాను. ఆమెకు తెలుగు వచ్చు. తల ఊపింది. నెల తర్వాత వచ్చినప్పుడు రక్తం పెరగలేదు. సంచి తెరిస్తే మాత్రల అట్టలు దాదాపు నిండుగా ఉన్నాయి. కొంచెం గట్టిగానే అడిగాను. ఆమె తల దించుకుని మాత్రల అట్ట అంచు గోటితో గీకుతూ కూర్చుంది. మా ఆశా కార్యకర్త సవర అమ్మాయి, పక్కన కూర్చుని మెల్లగా అడిగింది. భోజనం అంటే ఆమెకు వరి అన్నం. ఆ నెలంతా ఇంట్లో చోడి అంబలే, అంటే రాగి జావ. అన్నం వండిన రోజునే మాత్ర వేసుకుంది, ఐదు రోజులో ఆరు రోజులో. నేను చెప్పినట్టే చేసింది.

ఆ రోజు నేను ఆమె ముందు నేల మీద కూర్చున్నాను. ‘అంబలి తాగాక’ అని చెప్పి, ‘ఇంటికెళ్లి అత్తకు ఎలా చెబుతావో నాకు చెప్పు’ అన్నాను. ఆమె తన మాటల్లో చెప్పింది. అప్పటి నుంచి ఎవరినీ ‘అర్థమైందా?’ అని అడగను. ఆ ప్రశ్నకు అందరూ తల ఊపుతారు. ‘ఇప్పుడు నువ్వు నాకు చెప్పు’ అంటాను.

పలాస_పిక్క
అమ్మా, ఆ చివరి వాక్యం మా బట్టీలో గోడ మీద రాయిస్తాను.

లావేరు_ల్యాబు
నర్సమ్మ గారు చెప్పినది షిఫ్టు అప్పగించేటప్పుడు అక్షరాలా పనికొస్తుంది. దిగే మనిషి చెప్పడం కాదు, ఎక్కే మనిషి తిరిగి చెప్పాలి.

భావనపాడు_కెరటం
మా నాన్న ఇరవై సీజన్లు గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద వేటకు వెళ్లారు. మా తీరం నుంచి వెళ్లేవాళ్లు ఇప్పటికీ చాలామంది. 2018 నవంబరులో సరిహద్దు నీళ్లలో పాకిస్తాన్ వాళ్లకు చిక్కినవాళ్లలో మన శ్రీకాకుళం, విజయనగరం మనుషులే ఉన్నారు, 20 మంది 2020 జనవరిలో తిరిగి వచ్చారు. ఆ నెలల్లో మా పేటల్లో పొయ్యి వెలిగించడానికి చేతులు వచ్చేవి కావు.

నాన్న ఏ తరగతికీ వెళ్లలేదు. సంతకం మాత్రమే చేస్తారు. కానీ గుజరాతీ వచ్చు, హిందీ వచ్చు. మొదటి వారంలో ఒక్క ‘ఖేంచ్’ నేర్చుకున్నానని చెప్పేవారు, అంటే లాగు. తాడు లాగే చోట ఆ మాట ఆలస్యంగా అర్థమైతే వేళ్లు పోతాయి. తర్వాత తిండి మాటలు నేర్చుకున్నారు, ఎందుకంటే కలిసి తినని మనిషి గాలి పట్టినప్పుడు నీ పేరు పిలవడు. వాళ్లకు మన ఎండుచేపల పులుసు అలవాటు చేశారు, వాళ్ల రొట్టె తను అలవాటు చేసుకున్నారు. ఇంగ్లీషు కావాలనే వాళ్లను నేను కాదనను, మా చెల్లెల్ని ఇంగ్లీషు మాధ్యమంలోనే చదివిస్తున్నాను. కానీ ముందు ప్రాణం ఎవరి చేతిలో ఉందో ఆ మనిషి భాష రావాలి.

తోటపల్లి_కాలువ
తిండి మాట అంటే గుర్తొచ్చింది. ఒడియా వాళ్ల పఖాళ మన చద్దన్నమే. నాగావళి గారూ, రాత్రి షిఫ్టు అయ్యాక ఒకసారి వాళ్ల గదికి వెళ్లి తినండి, ఉల్లిపాయ మీరు పట్టుకెళ్లండి.

రాజాం_మల్లె
నువ్వు, మీరు సంగతి ఎవరూ ఎత్తలేదు. మన పల్లెల్లో తండ్రినీ, పక్కింటి పెద్దాయననూ ‘నువ్వు’ అంటాం, అందులో చనువే తప్ప తక్కువతనం ఉండదు. కృష్ణా, గోదావరి వైపు నుంచి వచ్చినవాళ్లకు అది చెంపదెబ్బలా తగులుతుంది. నేను బ్యాంకులో చేరిన కొత్తలో మా అధికారిని ఒకసారి అలా అన్నాను. ఆయన నెల రోజులు నాతో కాగితం మీదే మాట్లాడారు.

చీపురుపల్లి_చినుకు
మల్లె గారూ, అలాంటిదే ఒకటి నా దగ్గరకు ఫిర్యాదుగా వచ్చింది. మన వైపు నుంచి వేరే జిల్లాకు వెళ్లిన ఒక సూపర్‌వైజరు, కొత్తగా చేరిన అమ్మాయిని ఉద్దేశించి ‘ఆ గుంటను పిలవండి’ అన్నారు. ఆమె ఏడుస్తూ వచ్చింది. ఆయన నివ్వెరపోయారు. ‘మా కూతుర్నీ అలాగే పిలుస్తాను మేడమ్’ అన్నారు. నిజమే, ఇక్కడ గుంట అంటే ఆడపిల్ల, అంతే. ఆ అమ్మాయికి విడమరిచి చెప్పాను. ఆయనకూ చెప్పాను: కూతురు ఇంట్లో ఉంటుంది, పనిచోట ఉన్న మనిషికి పేరుంటుంది, పేరు పెట్టి పిలవండి. ఆయన క్షమాపణ చెప్పారు. కోటగుమ్మం గారు, వంశధార గారు ఇద్దరూ ఇందులో సగం సగం సరైనవాళ్లే. యాస మార్చుకోమని ఎవరినీ అడగకూడదు. కానీ నా మాట అవతలివాళ్ల చెవిలో ఏమవుతుందో తెలుసుకునే పని మాత్రం నాదే.

దీనికి చదువుల్లో ఒక పేరుంది, సాంస్కృతిక ప్రజ్ఞ. క్రిస్టఫర్ ఎర్లీ, సూన్ ఆంగ్ అనే పరిశోధకులు 2003లో దీని మీద పుస్తకం రాశారు. వేరే సంప్రదాయం గురించి తెలిసి ఉండటం అందులో ఒక భాగం మాత్రమే. తెలుసుకోవాలన్న కోరిక, నా ఊహ తప్పేమోనని నన్ను నేను గమనించుకోవడం, దాన్నిబట్టి నా తీరు మార్చుకోవడం కూడా అందులో ఉన్నాయి. నర్సు గారు నేల మీద కూర్చున్నప్పుడు ఇవన్నీ ఒకేసారి చేశారు.

కోటగుమ్మం
వాదన ఆపుతున్నాను. గుమాస్తా గారి సంగతి, అంబలి సంగతి చదివాక ‘ఒకే పద్ధతి’ అనడం నాకే తేలిక మాటగా కనిపిస్తోంది. అయినా నాగావళి గారూ, ఈమెయిల్ రాయడం మాత్రం వదలకండి. ఆ పంపు విషయం మీటింగుకు ముందురోజే నాలుగు వరుసలు రాసి పంపి ఉంటే నోరు విప్పే అవసరమే వచ్చేది కాదు.

విజయనగరం_మాస్టారు
ఆ నాలుగు వరుసలు నేర్పడానికి మూడు నెలలూ 12 వేలూ అక్కర్లేదు. ఏమైంది, ఎక్కడ, ఎప్పటి నుంచి, నేను ఏం చేశాను, మీరు ఏం చేయాలి. ఈ వరసలో రోజూ ఒక నివేదిక రాసి ఆదివారం నాకు పంపు బాబూ. చదివి దిద్దుతాను. రుసుము వద్దు.

నాగావళి_ఒడ్డు
మూడు వారాలయింది. అడిగినవాళ్లకు జవాబు బాకీ ఉన్నాను.

చినుకు గారు చెప్పినట్టు మేనేజరు గారిని కాగితం మీద అడిగాను. ఆయన పిలిచి కూర్చోబెట్టారు. ఆ పంపు విషయమే ఆయన మనసులో ఉందట. ‘మీకు తెలిసి కూడా చెప్పలేదు, దాన్ని ఏమని రాయాలో నాకు తెలియలేదు’ అన్నారు. అది న్యాయమేనని ఒప్పుకున్నాను. తెలుగు అర్థం కాదన్న మాట మాత్రం నొప్పించిందని కూడా చెప్పాను. కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఆ మాట వెనక్కి తీసుకుంటున్నానని అన్నారు. పదోన్నతి వచ్చే ఏడాది సంగతి. మీటింగు మొదట్లో ఐదు నిమిషాలు షిఫ్టు వాళ్లకు ఇవ్వమని అడిగితే ఒప్పుకున్నారు. మొన్న తెలుగులోనే చెప్పాను, ఆయన పై అధికారికి తిప్పి చెప్పారు.

తరగతిలో చేరలేదు. మాస్టారు గారికి మూడు నివేదికలు పంపాను. మొదటిదాంట్లో ఎర్ర సిరా ఎక్కువ, మూడోదాంట్లో కొంచెం తగ్గింది.

షిఫ్టు మారేటప్పుడు నర్సు గారి పద్ధతి పెట్టాను. ఎక్కేవాళ్లు తమ భాషలో తిరిగి చెబుతారు, పక్కవాళ్లు కలుపుతారు. పది నిమిషాలు ఎక్కువ పడుతోంది, ఒకరిద్దరు గొణుగుతున్నారు. రెండో రోజున, ఏడాదిగా నాతో ‘హాఁ సార్’ తప్ప ఇంకో మాట అనని ఒడియా కుర్రాడు, నాలుగో రియాక్టరు మీటరు ముల్లు రెండు వారాలుగా బిగుసుకుపోయి ఉందని చెప్పాడు. వెళ్లి వేలితో తట్టి చూశాను. కదల్లేదు. ఆ రాత్రే మార్పించాం.

ఇప్పుడు అతనే నా ఒడియా మాస్టారు. వాల్వుల మీద కొత్త పలకలు పెడుతున్నాం, తెలుగు, ఒడియా, హిందీ. ఒడియా అక్షరాలు అతని చేతి రాతే. ‘బంద’, ‘ఖోలా’ రెండూ చూడగానే చదువుతున్నాను. మూడో పలక దగ్గర ఇంకా అతన్ని అడగాల్సి వస్తోంది.

ఇచ్ఛాపురం_గట్టు
ఆ మూడో పలక ఫోటో తీసి పెట్టు తమ్ముడూ, చదివి చెబుతాను.